రాజుగారి కడుపులో వేగు

ఒక రాజుకు కడుపునొప్పి వచ్చింది.

మామూలు మనిషికి కడుపునొప్పి వస్తే కాస్త వాము నమిలి, వేడినీళ్ళు తాగి, ముడుచుకుని పడుకుంటాడు. ఈ రాజుకు ఆ వీలు లేదు. తాతల కాలం నుంచి ఆ ఆస్థానంలో ఒక ఆచారం ఉంది. రాజుకు నొప్పి రాదు. వచ్చినా రాదు. రాజు దేహమే రాజ్యమనీ, దేహంలో నొప్పి ఉందంటే రాజ్యంలో లోటు ఉన్నట్టేననీ, లోటుందన్నవాడు ద్రోహి అనీ ఎప్పుడో పెద్దలు తేల్చేశారు. అలా తేల్చిన పెద్దలంతా ఏ రోగంతో పోయారో ఎవరికీ తెలియదు. చెప్పుకునే వీలు వాళ్ళకూ లేకపోయింది.

అందుకని రాజు సభలో మూలిగితే ఆస్థాన గాయకుడు గబుక్కున తంబురా అందుకుని, ఆ మూలుగునే శ్రుతిగా పట్టుకుని పాట ఎత్తుకునేవాడు. రాజు కడుపు పట్టుకుని ముందుకు వంగితే, "ప్రభువులు భూమాతకు నమస్కరిస్తున్నారు" అని మంత్రి ప్రకటించేవాడు. అప్పుడు సభంతా వంగేది. ముసలి సేనాపతి ఒకసారి అలా వంగి మళ్ళీ లేవలేకపోయాడు. భక్తిలో లీనమైపోయాడని చెప్పి, వంగిన మనిషిని వంగినట్టే ఇంటికి మోసుకెళ్ళారు.

భోజనమయ్యాక "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అని అందరూ గొంతు కలపాలి. రాజు కడుపు మీద చెయ్యి వేస్తే అక్కడేదో ఉందని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి, ఎవరి కడుపు వాళ్ళే నిమురుకునేవారు. అందరికీ అరిగేది. రాజుకు తప్ప.

నొప్పి లేదు సరే, మరి ఆ మెలికలు తిరగడం ఏమిటి? దానికి ఆస్థానంలో "అరుచి" అని పేరు పెట్టారు. అరుచి అంటే తప్పు తిండిది. తిండిది తప్పంటే వంటవాడిది తప్పు. అలా ఒక వంటవాడు దేశం దాటాడు. ఆ తర్వాతి వంటవాడు లోకమే దాటాడు.

ఇప్పుడున్న వంటవాడు కొత్తగా వచ్చినవాడు. నలుగురు పిల్లల తండ్రి. చెయ్యి మంచిది. అతను గుత్తివంకాయకు కారం కూరుతుంటే కోట గుమ్మంలో కాపలావాళ్ళు ఈటెలు గోడకానించి వంటింటి వైపు తిరిగి నిలబడేవారు. అలాంటివాణ్ణి పిలిచి రాజు ఒక్కటే మాట అన్నాడు.

"పౌర్ణమిలోగా అరుచి పోవాలి. లేదా నీ తల పోవాలి."

"చిత్తం ప్రభూ," అన్నాడు వంటవాడు. రెండిట్లో దేనికి చిత్తమన్నాడో అతనికే తెలియదు.

తల మెడ మీద ఉన్నంతకాలం దాని బరువు ఎవరికీ తెలియదు. వంటవాడికి ఆ రోజు నుంచి తెలియడం మొదలైంది. చారు కాస్తూ మెడ తడుముకునేవాడు, పప్పు ఎనుపుతూ తడుముకునేవాడు. భార్య అడిగితే, దోమ కుట్టిందనేవాడు.

కోటకు అవతల అద్దకంవాళ్ళ వీధిలో ఒక వైద్యురాలు ఉండేది. వంటవాడు ఆ పూట రాజు తిన్నవన్నీ కొంచెం కొంచెం ఆకులో కట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నా వంటలో తప్పేమిటో నువ్వే చెప్పాలి."

ఆమె కూర తిన్నది, పులిహోర తిన్నది, గారె తుంచి ఆవకాయ ముద్దలో అద్దుకుని తిన్నది. చివరికి వేళ్ళు కూడా నాకింది.

"తప్పు ఒకటుంది నాయనా. కొంచెమే తెచ్చావు."

వంటవాడికి నవ్వు రాలేదు. ఆమె చెయ్యి కడుక్కుని కూర్చుంది.

"ఏం తిన్నాక వంగుతాడు మీ రాజు?"

"ఏం తిన్నా వంగుతారమ్మా. తినకపోయినా వంగుతున్నారు."

"అదే తిండి నువ్వూ తింటున్నావా?"

"విషముందేమోనని ఆయనకంటే ముందు నేనే తినాలి కదమ్మా."

"నీకెలా ఉంది?"

"నాకేం, రాళ్ళు తిన్నా అరుగుతాయి. ఈ మెడ దగ్గరే కాస్త..."

"అయితే లోపం తిండిలో లేదు. తిండి పోయే దారిలో ఉంది. ఆయన పేగు గోడ ఎక్కడో కమిలి లోలోపల రగులుతోంది."

వంటవాడి ముఖంలోకి ప్రాణం వచ్చింది. "ఆ మాట సభకొచ్చి చెప్పమ్మా! నీకు పుణ్యముంటుంది."

"ఉత్త నోటితో చెబితే నీ తల పక్కన నా తల పెడతారు. చూసొచ్చిన సాక్షి కావాలి."

"రాజుగారి కడుపులోకి వెళ్ళి చూసొచ్చేదెవరమ్మా?"

"ఎవరో ఎందుకు? అక్కడ కాపురమున్నవాళ్ళే."

ఆమె చెప్పింది. ప్రతి మనిషి కడుపులోనూ కంటికి కనపడని జీవాలు కాపురముంటాయి. పాలను పెరుగు చేసేవి వాటి దాయాదులే. రాజ్యంలో ఉన్న జనం కంటే రాజు కడుపులో ఉన్న జనం ఎక్కువ. తిన్నది అరిగించేది వాళ్ళు, గోడ కమిలితే ముందు తెలిసేది వాళ్ళకు. వాళ్ళలో ఒకణ్ణి బయటికి తేవాలి.

తేవడానికి ఒకటే దారి. రాజు ప్రతి పొద్దునా వాడే కుండను ఆస్థానంలో ప్రభాతపాత్ర అనేవారు. దాన్ని గొడుగు పట్టి, బాకా ఊదుతూ ఏటిదాకా మోసుకెళ్ళేవారు. పేరు ఎంత పెద్దదైనా అందులో ఉండేది అందరిళ్ళలో ఉండేదే. వంటవాడు మోసేవాళ్ళకు బొబ్బట్లు పెట్టి, వాళ్ళు తింటున్నంతసేపూ కుండను తాను కాపలా కాస్తానన్నాడు. అంత గౌరవంగా కాపలా కాసినవాడు వాళ్ళకు అంతకుముందు తగల్లేదు.

వైద్యురాలు ఆ జనంలోంచి ఒక మామూలు జీవాన్ని ఏరింది. అలాంటి ప్రతి జీవికీ నడుముకు ఒక మొలతాడు ఉంటుంది. ఏం తినాలో, ఎలా బతకాలో, ఎప్పుడు ఒకటి రెండు కావాలో అన్నీ అందులో ముడులుగా ఉంటాయి. ఆమె ఆ మొలతాడు విప్పి, అందులో లేని రెండు ముడులు వేసింది. ఒక ముడి కమిలినచోటి పొగను పసిగడుతుంది. రెండో ముడి, మొదటి ముడి బిగిసిందంటే చాలు, ఒళ్ళంతా నీలం చేస్తుంది. మళ్ళీ మొలతాడు కట్టి, "ఇక నువ్వు నా వేగువి," అన్నది.

"నేనక్కడికి వెళ్ళి ఏం చెప్పాలి?" అని వేగు అడిగింది.

"ఏమీ చెప్పకు. మాటలు చెప్పేవాళ్ళు ఆ కోటలో సరిపడా ఉన్నారు. కమిలినచోటు తగిలితే నీలంగా మారు."

"తగలకపోతే?"

"నువ్వు నువ్వులా ఉండు."

అంత తేలికైన కొలువు ఆ రాజ్యంలో ఎవరికీ దొరకలేదు. వేగు సంతోషంగా ఒకటి రెండయింది, రెండు ఊరయింది. ఆ ఊరినంతా చల్లలో కలిపి వంటవాడు రాజుకు పోశాడు. రాజు తాగి, మీసం తుడుచుకుని, భూమాతకు నమస్కరించాడు.

లోపల పెద్ద సంతలా ఉంది. మెలికలు మెలికలుగా సందులు, సందు నిండా జనం. వేగును చూసి ఒక ముసలి జీవి అడ్డమొచ్చింది. ఆ పేటకు అదే పెద్ద.

"ఎవరి తాలూకు నువ్వు?"

"ఇక్కడివాణ్ణే తాతా. మొన్న కుండలో వెళ్ళాను."

"కుండలో వెళ్ళినవాడు తిరిగి రావడం నేనెన్నడూ చూళ్ళేదు," అని ముసలిది ముక్కున వేలేసుకుంది. ఎంతైనా అయినవాడని పక్కన చోటిచ్చింది.

వేగు నాలుగడుగులు వేసిందో లేదో, ఒక మలుపులో గోడ ఎర్రగా కమిలి ఉంది. దాని మీద నుంచి పొగ లేస్తోంది. జనం కళ్ళు నులుముకుంటూ, ఏమీ ఎరగనట్టు దాని పక్క నుంచే నడుస్తున్నారు.

"తాతా, ఇక్కడ గోడ కాలుతోంది!"

"కాలడం లేదు."

"పొగ వస్తోంది కదా?"

"అది పొగ కాదు, సాంబ్రాణి. ఇంటిగుట్టు లంకకు చేటని వినలేదా? లోపలి సంగతి లోపలే ఉండాలి," అన్నది ముసలిది దగ్గుతూ. ఉన్నట్టుండి వెనక్కి తుళ్ళిపడింది. "ఏయ్, ఏమిటది? ఆపు!"

వేగు కాళ్ళ దగ్గర నుంచి నీలంగా మారుతోంది.

"ఆపడం నాకు చేతకాదు తాతా. నా ముడి అలా ఉంది."

"పెద్దవాళ్ళ ముందు రంగు మార్చడం ఏం మర్యాద?"

దానికి జవాబు చెప్పేలోగా వేగు తోబుట్టువులందరూ ఆ గోడ దాకా వచ్చారు. సందు సందంతా నీలమైంది.

మర్నాడు పొద్దున ప్రభాతపాత్ర మూత తీసినవాడు మళ్ళీ మూత పెట్టేశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ తీశాడు. బాకా ఊదేవాడు ఊదడం మరిచిపోయాడు. వంటవాడు మాత్రం ఒక్కసారి తొంగిచూసి, కండువా జారిపోతున్నా చూసుకోకుండా అద్దకం వీధికి పరుగెత్తాడు. "నీలం అమ్మా, నీలం!" అని ఆమె గుమ్మం దగ్గర కూలబడి ఏడ్చాడు. సంతోషంతో అంత ఏడవడం అతనికీ అదే మొదలు.

ఇద్దరూ సభకు వచ్చేసరికి మంత్రి అప్పటికే మాట్లాడుతున్నాడు. ఆ కోటలో ఏ సంగతైనా జరగడానికంటే ముందే మంత్రికి తెలిసేది.

"ప్రభూ, ఆకాశం నీలం. సముద్రం నీలం. దేవతలకు చిత్రకారులు వేసే రంగు నీలం. ఇప్పుడు తమరి... అది కూడా నీలం. దైవాంశ అన్నది లోపలుంటే ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు కదా!"

రాజు కాసేపు ఆలోచించాడు. "నాకు ఎప్పటి నుంచో అనుమానంగానే ఉంది," అన్నాడు.

సభ జయజయధ్వానాలు చేసింది. వైద్యురాలు ముందుకొచ్చింది.

"ప్రభూ, అది దైవాంశ కాదు. నేను చల్లలో పంపిన వేగు తెచ్చిన కబురు. తమరి పేగు గోడ కమిలింది. వంటవాడి తప్పేమీ లేదు."

గాయకుడి చెయ్యి తంబురా మీదికి వెళ్ళింది. ఏ రాగం ఎత్తుకోవాలో తోచక అక్కడే ఆగింది.

"అద్దకం వీధిలో ఉండేదానికి ఏ రంగు చూసినా అద్దకమే," అన్నాడు రాజు. సభంతా పగలబడి నవ్వింది.

మంత్రి నవ్వు ఆపి అసలు సంగతికొచ్చాడు. "దైవాంశ ఉన్న కడుపులో లోపం ఉండదు. అయినా అరుచి వస్తోంది. అంటే లోపం తిండిలోనే ఉందని ఇవాళ రుజువైపోయింది ప్రభూ."

వంటవాడు రెండు చేతులతోనూ మెడ పట్టుకున్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది అతని పని. ఇద్దరు భటులు చెరోవైపూ వచ్చి నిలబడ్డారు. అయితే పౌర్ణమి దాకా వంట చేసేవాడు కావాలి కాబట్టి, భటులతో సహా వంటింటికే పంపించారు.

రాజుకు ఒక ముచ్చట పుట్టింది. ఆస్థానంలో ఇంకెవరికైనా దైవాంశ ఉందేమో చూడాలన్నాడు. అందరికీ అదే చల్ల పోశారు. మర్నాడు పొద్దున ఇంటింటా చూసుకుంటే ఎవరికీ నీలం లేదు. అందరి పేగులూ పచ్చగా, చల్లగా, నిక్షేపంగా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నామని తెలిసి అంతగా గుండెలు బాదుకున్న జనాన్ని ఇంకెక్కడా చూడం.

ముందు తేరుకున్నది గాయకుడు. అతని పెరటి దడి మీద నీలి శంఖుపువ్వులు ఉన్నాయి. దోసెడు పువ్వులు పిండి రసం తాగి, మర్నాడు తలెత్తుకుని సభకు వచ్చాడు. ఆ తర్వాత ఊళ్ళో ఏ దడి మీదా శంఖుపువ్వు మిగల్లేదు. సేనాపతి ఆకులూ కాయలూ కూడా నమిలాడు. మంత్రికి పువ్వులు బండి మీద వచ్చేవి. వారం తిరక్కుండా ఆస్థానమంతా దైవాంశతో నిండిపోయింది.

రాజు ముఖం మాడిపోయింది.

"అందరూ దేవుళ్ళయితే నేనెవరికి రాజుని?" అని అడిగాడు. ఎవరూ జవాబివ్వలేదు. దేవుళ్ళు మామూలుగానే తక్కువ మాట్లాడతారు.

రాజు వైద్యురాలిని పిలిపించాడు. ఆ చల్ల ఆమెదే కాబట్టి ఆ సంగతీ ఆమెకే తెలియాలి. వంటవాణ్ణి కూడా తెచ్చి నిలబెట్టారు. మర్నాడే పౌర్ణమి. అతను నాలుగు రోజులుగా నిద్రపోయినట్టు లేడు, ముఖం పీక్కుపోయి ఉంది.

"నిజమైన నీలానికీ దొంగ నీలానికీ తేడా ఏమిటి?" అని అడిగాడు రాజు.

వైద్యురాలు వంటవాడి వైపు చూసింది. ఉన్న నిజం ఉన్నట్టు చెబితే ఈ సభ నవ్వుతుందని ఆమె ఒకసారి నేర్చుకుంది. ఈసారి నిజానికి పట్టుబట్ట కట్టి తీసుకొచ్చింది.

"నిజమైన నీలం నొప్పి పెడుతుంది ప్రభూ. దొంగ నీలం పెట్టదు. దైవాంశను మోయడమంటే మాటలా?"

ఆ సభలో నొప్పి అన్న మాట వినపడి తరాలైంది. స్తంభాల మీది పావురాలు కూడా ఎగిరిపోయాయి. రాజు మంత్రి వైపు తిరిగాడు.

"నీకు నొప్పి ఉందా?"

మంత్రికి చెమట పట్టింది. లేదంటే తన నీలం దొంగదవుతుంది. ఉందంటే అనకూడని మాట అన్నట్టవుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నూతిలో పడినవాణ్ణి ఎప్పటికైనా పైకి తీస్తారు కదా అనుకున్నాడో ఏమో, కడుపు పట్టుకున్నాడు.

"ఉంది ప్రభూ! కత్తితో కోస్తున్నట్టుంది!"

ఇక గాయకుడు ఊరుకుంటాడా? "నాకు సూదులు గుచ్చుతున్నట్టుంది ప్రభూ!" అన్నాడు. సేనాపతి కొడుకు తన తండ్రికి నిప్పులు పోసినట్టుందని చెప్పాడు. నాకు మెలిపెడుతోందంటే, నాకు మెలిపెట్టి లాగుతోందన్నారు. ఇన్నేళ్ళూ ఒక్క నొప్పీ లేని సభలో నొప్పులు కాలు పెట్టే చోటు లేకుండా నిండిపోయాయి.

రాజు వింటున్నాడు. చివరికి సింహాసనం మీంచి లేచాడు.

"ఆపండి! మీవీ ఒక నొప్పులేనా?" అని అరిచాడు. "నా నొప్పి ముందు మీ నొప్పులెంత! గుక్కెడు నీళ్ళు తాగితే సుడి తిరుగుతుంది. దిండు నోట్లో కుక్కుకుని పడుకుంటాను, బయట కాపలావాడు వింటాడని. తెల్లారుతుందంటే భయం. మళ్ళీ రోజంతా నవ్వుతూ కూర్చోవాలి కదా అని. ఇదివరకటి వంటవాళ్ళు రాకముందు నుంచే ఉంది. మా అమ్మ ఉన్నప్పుడు ఆమెకు ఒక్కసారి చెప్పాను. ఆమె పోయాక ఎవరికీ చెప్పలేదు."

గొప్ప చెప్పుకుందామని మొదలుపెట్టినవాడు, ముగించేసరికి చిన్నపిల్లవాడిలా వెక్కుతున్నాడు. ఆ రాజంటే నాకు ఇష్టం లేదు. అయినా పాపమనిపించింది. ఎవరూ వంగలేదు, ఎవరూ పాడలేదు. ఆ సభ ఒక మనిషికి నొప్పి పెట్టడం చూసి, ఊరికే చూస్తూ నిలబడింది.

"ఇదివరకటి వంటవాళ్ళు రాకముందు నుంచేనా ప్రభూ?" అన్నది వైద్యురాలు మెల్లగా.

రాజు వంటవాడి వైపు తిరిగాడు. "వాణ్ణి వదలండి," అన్నాడు. తప్పయిందన్న మాట ఆయన నోటికి రాలేదు. ఆ కోటలో ఆ మాటను నేర్పినవాళ్ళు లేరు.

మందు రోజూ చేదు కషాయం. పథ్యం రాగి జావ, వేగును కలిపిన చల్ల. ఆవకాయ లేదు, వేపుళ్ళు లేవు, గుత్తివంకాయ ఊసే లేదు. వంటవాడు ఆవకాయ జాడీకి వాసెన కడుతుంటే రాజు కళ్ళు తుడుచుకున్నాడు. సభలో అందరికీ అంతటి నొప్పి ఉందని వాళ్ళ నోటితోనే చెప్పారు కాబట్టి, అందరికీ అదే కషాయం, అదే జావ అని వైద్యురాలు తేల్చింది. మంత్రి ముక్కు మూసుకుని తాగాడు. శంఖుపువ్వులు మళ్ళీ దడుల మీద పూయడం మొదలుపెట్టాయి.

వర్షాకాలం వెళ్ళి చలికాలం వచ్చింది. ఒకనాడు చల్లలో వెళ్ళిన వేగు ఆ మలుపులో గోడను తడిమి చూసింది. చల్లగా ఉంది. నునుపుగా ఉంది. ఎంతసేపు ఆనుకుని నిలబడ్డా ఒంటికి నీలం రాలేదు.

"తాతా, నాకు రంగు రావడం లేదు."

"హమ్మయ్య," అన్నది ముసలిది. "ఇన్నాళ్ళకు నీకు మర్యాద తెలిసింది."

ఆ పొద్దున ప్రభాతపాత్రలో నీలం లేదు. కబురు తెలిసి వైద్యురాలు వంటింటికి పరుగున వచ్చింది. ఆ వయసులో ఆమె పరుగెత్తడం ఎవరూ చూడలేదు.

"మానింది నాయనా! గోడ మానింది!" అని నవ్వుతూ గుమ్మంలోనే కూలబడి ఆయాసం తీర్చుకుంది.

వంటవాడు పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. మళ్ళీ మెడ తడుముకుంటున్నాడు.

సంగతేమిటంటే, రాజు ఆ పొద్దున పాత్రలోకి చూసుకున్నాడు. ఈ మధ్య రోజూ చూసుకుంటున్నాడు. కోట మీద జెండా నీలం రంగుకు మారి చాలా రోజులైంది. పక్క దేశాల రాజులు నీలప్రభువులకు జోహార్లని కానుకలు పంపుతున్నారు. ఆ పొద్దున చూస్తే, తోటమాలి కుండలో ఉండే రంగే తన కుండలోనూ ఉంది. రాజు కళ్ళెర్రజేశాడు. "మబ్బు పట్టింది ప్రభూ. ఆకాశమైనా రోజూ నీలంగా ఉంటుందా?" అని మంత్రి అప్పటికి సర్దాడు. "రేపు కూడా మబ్బే అయితే, ఆ జావ కాచినవాణ్ణి అడుగుతాను," అన్నాడు రాజు. మంత్రి నేరుగా వంటింటికి వచ్చి, ఆ మాట వంటవాడి చెవిన వేసి వెళ్ళాడు.

వైద్యురాలి నవ్వు ఆగిపోయింది. "నేను వెళ్ళి చెబుతాను. నొప్పి ఉందని ఒప్పుకున్న మనిషి, పోయిందని ఒప్పుకోడా?"

"నొప్పి ఉందని ఒప్పుకుంటే దేవుడయ్యారమ్మా. పోయిందని ఒప్పుకుంటే మామూలు మనిషి కావాలి. ఒప్పుకుంటారా?"

ఆమెకు తన మాటే గుర్తొచ్చింది. నీలాన్ని దైవాంశ అన్నది మంత్రే. కానీ నిజమైన దైవాంశకు నొప్పి ఉంటుందని సభలో చెప్పింది తనే. ఆ రోజు పట్టుబట్ట కట్టిన నిజాన్ని ఇప్పుడు విప్పి చూపించే చోటు లేదు. ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

వంటవాడు లేచి పెరట్లోకి వెళ్ళాడు. దడి మీది శంఖుపువ్వులు ఒడి నిండా కోసుకొచ్చి, గుడ్డలో వేసి పిండాడు. రసం వేళ్ళ మీదుగా మోచేతి దాకా కారింది. దాన్ని రాగి జావలో పోసి కలిపాడు. రాగి జావలో ఏం కలిపినా రంగు తెలియదు.

"మరి రేపెప్పుడైనా గోడ మళ్ళీ కమిలితే నాకెలా తెలుస్తుంది నాయనా?" అన్నది వైద్యురాలు.

"నాకు నలుగురు పిల్లలమ్మా," అన్నాడు వంటవాడు. ఆమె కళ్ళలోకి చూడలేక జావను కలుపుతూనే ఉన్నాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మబ్బు విడిపోయింది. బాకాలు మోగాయి. రాజుకు ఇప్పుడు నొప్పి లేదు. కానీ నిజమైన నీలం నొప్పి పెట్టాలి కాబట్టి, ఆయన సభలో అప్పుడప్పుడు చిన్నగా మూలిగేవాడు. అది బాగానే కుదిరేది. గాయకుడు పాత పాట మళ్ళీ ఎత్తుకునేవాడు. వంటవాడి తల వంటవాడి మెడ మీద స్థిరంగా కూర్చుంది. కొన్నాళ్ళకు రాజు జావతో పాటు ఆవకాయ కూడా వడ్డించమన్నాడు. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

లోపల సందుల్లో ఇప్పుడు పై నుంచి రోజూ నీలం వరదలా వచ్చేది. గోడలు నీలం, జనం నీలం, ముసలి జీవి నీలం. ఆ వరదలోనే ఒకనాడు చల్లలో వచ్చిన వేగు, పాత మలుపుకు కాస్త అవతల, గోడను తడిమి చెయ్యి వెనక్కి లాక్కుంది. వేడిగా ఉంది. మళ్ళీ తడిమింది. సన్నగా పొగ తగిలింది. మొలతాడులో ముడి బిగిసింది. కాళ్ళ దగ్గర నుంచి తల దాకా, ఒంట్లో ఉన్న శక్తినంతా పెట్టి వేగు నీలమైంది.

"తాతా, నన్ను చూడు! నీలంగా మారానా?"

ముసలిది ఒక కన్ను తెరిచి చూసింది.

"అందరం నీలమే కదరా," అన్నది. "పడుకో."